బూజమ్మ ఎంచుకోని కోర్సు

విత్తనాల పరీక్షా కేంద్రంలో ఆమె పని పైకి చూస్తే చాలా చిన్నది. విత్తనాలను తడి కాగితం మీద వరసగా పేర్చి, గాజు మూత పెట్టి, వాటికి ఏ బూజు పడుతుందో చూడాలి. ఒకసారి ఒక గోదాము నుంచి వచ్చిన విత్తనాల మీద ఎప్పుడూ చూడని నల్లటి నూగు కనిపించింది. దాన్ని వేరుగా పెంచి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, పుస్తకాలు తిరగేసి, మొక్కను మొలకలోనే చంపే జాతి అని తేల్చింది. సరుకు పొలాలకు పోకుండా ఆగింది. నివేదికలో మాత్రం అంతా పై అధికారే చేసినట్టు ఉంది. ఆయనకు సభ చేసి జ్ఞాపిక ఇచ్చారు. ఆ సభకు కుర్చీలు వేయించింది, మైకు సరిచూసింది ఆమె. చప్పట్లు కూడా కొట్టింది.

"నీకు ఒళ్లు మండలేదుటే?" అంది అక్క.

"మండితే ఏం చేయను? సరుకు ఆగిందిగా."

నోట్లో నాలుక లేని మనిషి అనుకునేరు. ఉంది. వాడే అలవాటే లేదు. ఇలాంటి మౌనానికి మనం మంచితనం అని పేరు పెట్టుకున్నాం. ఆ పేరు పెట్టింది దాని మీద బతికేవాళ్ళే.

కేంద్రంలో ఆమెను బూజమ్మ అనేవారు. అక్కాబావల ఇంట్లో వెనకగదిలో ఉండేది. ముందుగదిలో బావ ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే దుకాణం. వెక్కిరింతగా పెట్టిన ఆ పేరును బావే బిరుదులా చేసి పిలిచేవాడు.

పరిశోధకురాలిగా ఎదగాలంటే ఎం.ఎస్సీ. కావాలి. శిలీంధ్రాల మీద ఉన్న ఒక్క కోర్సునూ చేరేవాళ్ళు లేరని దగ్గర్లోని యూనివర్సిటీ ఎత్తేసింది. అప్పుడు ఆమె విదేశాల వైపు చూసింది. అందరిలా ర్యాంకులు చూడలేదు. పాఠం ఎవరు చెబుతారు, వాళ్ళు ఏ మొక్కల మీద పని చేశారు, ప్రయోగశాలలో విద్యార్థులను చేతులు పెట్టనిస్తారా, ఇవి చూసింది. వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికింది. చలిదేశంలో, ఎవరూ పేరు వినని చిన్న ఊళ్ళో యూనివర్సిటీ. అక్కడ ఏడాది పొడుగునా విత్తనాలకు పట్టే బూజుల మీదే పరిశోధన.

"దేశం కాని దేశం పోయి బూజు చదువుతావా మరదలా? మన బాత్రూం గోడ చూపిస్తే ఇంట్లోనే డిగ్రీ ఇచ్చేస్తారు" అన్నాడు బావ.

"అది వేరే జాతి బావా. దానికి డిగ్రీ ఇవ్వరు, నీ చేత సున్నం వేయిస్తారు."

"ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి" అంది అక్క. "అందరూ బయోటెక్నాలజీ అంటున్నారు కదే!"

"అందరూ చేసేదే చేయడానికి అంత దూరం ఎందుకక్కా?"

బావ నవ్వాడు. దుకాణం ఒక పూట మూసి తనే ఆమెను కన్సల్టెన్సీకి తీసుకెళ్ళాడు.

చెప్పుల దుకాణం పైన చల్లటి గది. గోడల నిండా విమానం ఎక్కినవాళ్ళ ఫొటోలు. కౌన్సిలర్ మేడమ్ మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టింది.

"మాకు మీరు ఏమీ ఇవ్వక్కర్లేదు సార్. అంతా ఫ్రీ."

"ఫ్రీ అంటేనే నాకు భయం మేడమ్. నా దుకాణంలో ఫ్రీగా చూస్తానన్న ఫ్యాన్ ఇప్పటిదాకా తిరగలేదు" అన్నాడు బావ.

మేడమ్ గలగలా నవ్వింది గానీ జవాబు చెప్పలేదు. జవాబు ఇది: ఒక్కో విద్యార్థిని చేర్చినందుకు కొన్ని కాలేజీలు కన్సల్టెన్సీకి కమిషన్ ఇస్తాయి. ఆ చలిదేశపు యూనివర్సిటీ ఇవ్వదు.

"ఫంగస్సా? దానికి స్కోప్ లేదమ్మా. బయోటెక్నాలజీ విత్ మేనేజ్‌మెంట్ తీసుకో. మా పిల్లలందరూ అదే."

"నాకు మేనేజ్‌మెంట్ రాదు మేడమ్."

"రాకే కదమ్మా చదివేది! సరే, నీదీ వేద్దాం, మాదీ వేద్దాం. ఏది ముందు వస్తే అది."

దరఖాస్తులకు వాడే ఈమెయిల్ వాళ్ళే తెరిచారు. పాస్‌వర్డ్ వాళ్ళ దగ్గరే ఉంచుకున్నారు. ఈ చదువే ఎందుకు అన్న వ్యాసాన్ని ఆమె నల్లటి నూగు గురించి తన చేత్తో రాసి తెచ్చింది. "చాలా బావుందమ్మా, మావాళ్ళు కాస్త మెరుగులు దిద్దుతారు" అని మేడమ్ దాన్ని సొరుగులో పెట్టింది. కొన్నాళ్ళకు ఒక కాగితాల దొంతర ముందుకు తోసి, పెన్సిల్ గీతలున్న చోటల్లా సంతకం పెట్టమంది. వెనక ఇంకా చాలామంది నిలబడి ఉన్నారు. వాళ్ళను ఆపడం మొహమాటం అనిపించి, చదవకుండానే పెట్టేసింది.

ఆ తర్వాత మేడమ్ ఫోన్ చేసింది. "నీ ఫంగస్ వాళ్ళు కాదన్నారమ్మా. మన బయోటెక్నాలజీది మాత్రం వేరే దేశంలో వచ్చేసింది! బెంగ పెట్టుకోకు, అక్కడికి వెళ్ళాక కోర్సు మార్చుకోవచ్చు."

ఆ చివరి మాట పట్టుకుని ఆమె లేచి నిలబడింది. తాత్కాలిక ఉద్యోగులకు సెలవు ఉండదని కేంద్రం వాళ్ళంటే రాజీనామా చేసింది. వారం తిరక్కుండానే ఆమె బల్ల దగ్గర ఇంకొకరు కూర్చున్నారు.

వీసా ఇంటర్వ్యూకి ముందు మేడమ్ అందరినీ కూర్చోబెట్టి, "నవ్వండి, కళ్ళలోకి చూడండి, నిజం చెప్పండి" అని శిక్షణ ఇచ్చింది. బూజమ్మ మూడూ పాటించింది.

అద్దం వెనక అధికారి కుర్రది. ఈ చదువు ఎందుకు అని అడగగానే, ఏనాడూ నోరు విప్పని మనిషి విప్పింది. తడి కాగితాల గురించి, మొలకలో చచ్చే మొక్కల గురించి, విత్తనంలోనే దాక్కుని పొలం దాకా వెళ్ళే బూజు గురించి చెప్పింది. అధికారి కాసేపు వింది. తర్వాత ఎదురుగా ఉన్న కాగితం తిప్పి చూసింది.

"మీ తాతగారి మందుల షాపులో కూర్చుని పెరిగాను, మందుల కంపెనీ నడపడమే నా కల అని రాశారు కదా?"

"మా తాత నేను పుట్టకముందే పోయారు. ఆయనకు షాపు లేదండీ."

"ఇది మీరు రాసింది కాదా?"

"కాదు."

"సంతకం?"

"నాదే."

తప్పుడు సమాచారం ఇచ్చారని వీసా నిరాకరించారు. ఈసారికే కాదు, కొన్నేళ్ళపాటు ఆ దేశం గుమ్మం తొక్కకూడదు.

"నిజం చెప్పమని ఎవరన్నారు నిన్ను? షాపు ఉండేదండీ అంటే నోటి ముత్యాలు రాలేవా?" అని విరుచుకుపడింది మేడమ్.

"మీరే అన్నారు మేడమ్."

"అది అందరికీ చెప్పే మాటమ్మా!"

ఆమె ఇంటికొచ్చి చలిదేశపు యూనివర్సిటీకి తనే రాసింది. మర్యాదగా జవాబు వచ్చింది. మీ పేరున మాకు ఏ దరఖాస్తూ రాలేదు, వచ్చే ఏడాది వేసుకోండి, ఇదివరకు ఎక్కడైనా వీసా నిరాకరించి ఉంటే కారణంతో సహా తెలపండి అని. ఆ చివరి వాక్యం చదివి ఫోన్ బోర్లా పెట్టేసింది.

బావ ఊరుకోలేదు. అదే కన్సల్టెన్సీలో చేరినవాళ్ళ ఇళ్ళకు తిరిగాడు. అడిగి చూసిన ప్రతి వ్యాసంలోనూ అదే తాత, అదే మందుల షాపు.

"ఆ ముసలాయనకు మనవలు ఎంతమందో! ఒక్కడూ గుర్తుపట్టడు" అన్నాడు ఇంటికొచ్చి. అని, నవ్వబోయి మానేశాడు.

ఆమె వినియోగదారుల ఫోరానికి వెళ్ళి ఫిర్యాదు ఇచ్చింది. "సంతకం మీదేగా" అన్నారు. ఒక్కరి మాట నిలవదు, మరికొందరిని తీసుకురండి అన్నారు. వీసా వచ్చినవాళ్ళు తమది ఊడుతుందని భయపడి రాలేదు. రానివాళ్ళు పరువు పోతుందని రాలేదు. చూస్తామన్నవాళ్ళ ఫోన్లు తర్వాత మోగి మోగి ఆగిపోయాయి.

ఇప్పుడామె రొట్టెల ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. బూజు పట్టిన రొట్టె కనిపిస్తే బుట్టలో పడేయాలి. అది ఏ జాతో అక్కడ ఎవరికీ అక్కర్లేదు. వెనకగది కిటికీ గట్టు మీద ఆమె బూజు పెంచి చూసుకునే గాజు పళ్ళేలను అక్క కడిగి అటక మీద పెడుతుంటే వద్దనలేదు. మళ్ళీ ప్రయత్నించమని బావ అంటే "సరే బావా" అంటుంది. ఆ సరేలో ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు.

ఆమెకు ఆ చదువు ఇక అందుతుందని ఈ రాసేవాళ్ళు అబద్ధం చెప్పరు. చెప్పుల దుకాణం పైన ఆ గది మాత్రం ఇంకా చల్లగా తెరిచే ఉంది. రేపు ఆ మెట్లెక్కేది మీ చెల్లెలో, మీ కొడుకో, మీరో. పాస్‌వర్డ్ మీ దగ్గర ఉంచుకోండి. వెనక ఎంతమంది నిలబడి ఉన్నా సరే, ప్రతి వాక్యం చదివేదాకా పెన్ను పట్టకండి. ఫ్రీ అన్నవాళ్ళను డబ్బు ఎవరిస్తున్నారని మొహం మీదే అడగండి. మీ ఇంట్లో ఎవరి కాగితాల్లోనైనా ఆ మందుల షాపు తాత ఉంటే దయచేసి దాచకండి. ఫోరంలో ఆమె ఫిర్యాదు ఒంటరిగా పడి ఉంది. వెళ్ళి దాని పక్కన మీదీ పెట్టండి, ఈ వారమే.