కోట కూలిన మ్యాట్నీ

వానాకాలం చివర, బండి మీద పల్లికాయ ఉడికే ఉప్పటి ఆవిరి ముక్కుకు తగిలితే చాలు, వరంగల్‌లోని ఒక పాత సినిమా హాల్లో, ఆడవాళ్ల బెంచీ మీద, మా నాయినమ్మకూ ఖాసింబీ అత్తకూ నడుమ ఇరుక్కొని కూర్చున్నట్టే ఉంటుంది నాకు.

డెబ్బైల చివర్లో మేం కోటలో ఉండేవాళ్లం. రాజులమై కాదు, ఖిలా వరంగల్ మట్టిగోడ లోపల, విరిగిపడిన రాతి శిల్పాల మీద పిడకలు ఎండబెట్టుకొనే మామూలు ఇళ్లలో. మా పక్కిల్లే గాజులమ్మే ఖాసింబీ అత్తది. పీర్ల పండుగకు ఆమె చేసిన మలీద ముద్దలు, బతుకమ్మకు మేం చేసిన సత్తుపిండి నడిమి గోడ మీదుగానే చేతులు మారేవి.

ఒక ఏడాది, మతం పేరు మీద, కోట కోసం రెండు సైన్యాలు కొట్టుకునే పాతకాలపు రాజుల సినిమా ఒకటి వచ్చింది. అరవై ఏళ్లు నిండినా సినిమా ఎరగని నాయినమ్మ, "కోటలెట్ల కూలినయో ఒక్కసారన్న సూడాలె" అని పట్టుబట్టి, ఖాసింబీ అత్తను, నన్నూ తోడు తీసుకొని, ఒడిలో ఉడకబెట్టిన పల్లికాయ కట్టుకొని, ఆదివారం మ్యాట్నీకి బయలుదేరింది.

తెర మీద ఏనుగులు కోట తలుపులను కుమ్ముతుంటే నాయినమ్మ నా చెయ్యి నలిపేసింది. గుడిలో దీపం ఆరిపోకుండా రాణి కొంగు అడ్డం పెట్టినప్పుడు ఖాసింబీ అత్త వెక్కి వెక్కి ఏడ్చింది. సుల్తాను సైన్యం గోడలెక్కింది. సరిగ్గా అప్పుడే ఆడ, మగ బెంచీల నడిమి అడ్డగోడ అవతలి నుంచి మా వాడకట్టు బుచ్చయ్య కేకేశాడు.

"సూసినవా ఖాసింబీ, మీవోళ్లు ఎంత పనిజేసిండ్రో!"

మగవాళ్ల వైపు నవ్వులు లేచాయి. ఖాసింబీ అత్త తల దించుకుంది. నాయినమ్మ లేచి నిలబడింది.

"ఈమె మా ఇంటి మనిషిరా, బుచ్చిగా! మన రాణి కోసం ఏడుస్తాంది, కండ్లకు కనవడ్తలేదా? నడువు ఖాసింబీ, ఈ సినిమా మనకొద్దు."

సినిమా నడుమల పోవాలంటే నాకు ఏడుపొచ్చింది. కానీ ఖాసింబీ అత్త నాయినమ్మ చెయ్యి పట్టి కిందికి లాగింది. "కూసో పెద్దమ్మా. వాడేదో అన్నడని మనమెందుకు పోవాలె? రాణి ఏమైతదో నేను సూడాలె."

నాయినమ్మ కూర్చుంది. రాణి చనిపోయినప్పుడు ఇద్దరూ ఒకే కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

మర్నాడు పొద్దున బుచ్చయ్య మా వాకిట్లోకి వచ్చి, "తప్పయింది అవ్వా" అన్నాడు. నాయినమ్మ బియ్యం చెరిగే చేట దించలేదు. "నాకెందుకు జెప్తవు? ఆ ఇంటికి పో."

పోయాడు. అక్కడ వాళ్లేం మాట్లాడుకున్నారో తెలియదు. కాసేపటికి ఖాసింబీ అత్త గొంతు మాత్రం వినిపించింది: "జర కూసో, చాయ్ తాగి పో."

ఆ హాలు ఉన్నచోట ఇప్పుడు బట్టల షోరూం లేచింది. ఆ ఇద్దరూ లేరు. రాజుల సినిమాలు ఇప్పుడు నేను ఫోన్లో, ఒక్కదాన్నే చూస్తాను. యుద్ధాలు అప్పటికన్నా ఎంతో గొప్పగా తీస్తున్నారు. నేను ఏడిస్తే కొంగు అందించేవాళ్లు మాత్రం పక్కన ఉండరు.