బావగారి ఒక్క చిన్న సందేహం

మా బావగారికి సందేహాలు ఎక్కువ. ప్రతిదీ "ఒక్క చిన్న సందేహం" అంటూనే మొదలుపెడతారు. అది ఒక్కటీ కాదు, చిన్నదీ కాదు. చొక్కా కొనబోతే, గుండీ ఊడితే ఇదే రంగు దారం దొరుకుతుందా అని కొట్టువాణ్ణి నిలదీస్తారు. ఆయనతో బట్టలకొట్టుకు వెళ్లడం మా అక్క మానేసి ఏడేళ్లయింది. "మీ బావ చొక్కా కొనరు, విచారణ జరుపుతారు," అంటుంది.

అలాంటి మనిషితో కలిసి నేను వెబ్‌సైటు కట్టాల్సి వచ్చింది. చిన్న గ్రంథాలయాల్లో ఏ పుస్తకం ఏ అరలో ఉందో చెప్పే సాఫ్ట్‌వేర్ ఒకటి మేం కొందరం కలిసి నడుపుతున్నాం. ఓపెన్ సోర్స్. అంటే ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, తోచినవాళ్లు బాగుచేయవచ్చు. జీతాలు లేవు గాని తగాదాలకు లోటు లేదు. దాని వెబ్‌సైటు మరీ పాతబడిపోయింది. వెబ్‌సైట్ల కోసం ఎవరో ముందే చేసిపెట్టిన చట్రాలుంటాయి, ఫ్రేమ్‌వర్కులంటారు; కొత్తదాన్ని వాటిలో దేనిమీద కట్టాలో తేల్చడానికి ప్రతి శనివారం పొద్దున వీడియోలో కలిసేవాళ్లం.

మా డిజైనరు అమ్మాయి మొదటి వారమే ఒకటి ఎంచి, నమూనా కూడా చేసి చూపించింది. మెరిసిపోతోంది. అందరం సరేనన్నాం.

"ఒక్క చిన్న సందేహం," అన్నారు బావగారు. "దీన్ని తయారుచేసినవాళ్లు విసుగొచ్చి వదిలేస్తే?"

ఆ పిల్ల వారమంతా వెతికి, వదిలేయరని రుజువులు తెచ్చింది.

"సంతోషం. వదిలేయకుండా రోజుకో మార్పు చేస్తూ కూర్చుంటేనో?"

మూడో వారం నెట్ నెమ్మదిగా ఉన్నచోట ఏమవుతుందన్నారు. నాలుగో వారం పాత కంప్యూటర్ల గతేమిటన్నారు. తొమ్మిదో వారానికి సరుకు అయిపోయింది కాబోలు, "పేరు పలకడం కాస్త కష్టంగా లేదూ?" అన్నారు.

"వచ్చే శనివారం తేలకపోతే నేను మానేస్తానండీ," అంది డిజైనరు. నాకు బావగారి మీద నిజంగానే కోపం వచ్చింది.

పదో శనివారం అందరం బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాం. బావగారు కళ్లజోడు తుడుచుకుని, "నాకేం సందేహం లేదు. కానివ్వండి," అన్నారు.

నెట్ పాడైందనుకుని ముగ్గురం ఒకేసారి, "హలో, వినపడుతోందా?" అని అరిచాం.

ఆ సాయంత్రం నాకు టీచరమ్మ ఫోన్ చేశారు. రిటైరైన మనిషి. మా సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే పేజీలన్నీ మొదటినుంచీ ఆవిడే రాస్తున్నారు. పాత పద్ధతి తప్ప మరొకటి రాదు, సమావేశాల్లో నోరు విప్పరు.

"మీ బావగారు ఫోన్ తీయడం లేదు బాబూ. నిన్న ఆయన చూస్తుండగా కొత్త పద్ధతిలో ఒక పేజీ పెట్టానా, ఇవాళ నా అంతట నేనే ఇంకొకటి పెట్టానని చెప్పు. ఒక్క తప్పు లేదు! రెండు నెలలనుంచీ రోజూ పొద్దున్నే గంటసేపు నేర్పించారు. అడిగిందే అడిగినా పాపం ఏనాడూ విసుక్కోలేదు."

తిన్నగా వాళ్లింటికి వెళ్లాను.

"మాతో ఒక్కమాట చెబితే ఆగేవాళ్లం కదా బావగారూ!"

"ఆగేవాళ్లే. తనవల్ల పని ఆగిందని ఆవిడకి తెలిసేది. మర్నాడే ఏదో వంక చెప్పి తప్పుకునేవారు."

"పాపం ఆ డిజైనరు పిల్ల?"

"ఇప్పుడే మాట్లాడాను. జరిగింది చెప్పి, క్షమించమన్నాను. నవ్వేసింది."

"తొమ్మిది వారాలు అందరం మిమ్మల్నే తిట్టుకున్నాం తెలుసా?"

బావగారు వంటింటివైపు ఓసారి చూసి, గొంతు తగ్గించారు.

"దానికేముందిలే. నాకు ఇంట్లో అలవాటేగా."

"ఏమిటంటున్నారూ?" అంది మా అక్క, లోపలినుంచి.