నలభై గుంటల పలక

మా పెద్దమ్మను ఊళ్ళో అందరూ రాళ్ళమ్మ అనేవారు. వెక్కిరింపుగా మొదలైన పేరు పోనుపోను ముద్దుపేరైపోయింది. ఊరికి రెండు మైళ్ళ దూరంలో కొండ కడుపులోకి తొలిచిన పాత గుడికి ఆమె కాపలా. అంతకుముందు ఆ ఉద్యోగం మా పెదనాన్నది. ఆయన పోయాక పురావస్తు శాఖ వాళ్ళు తాళాల గుత్తి తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. ఇరవయ్యొక్కేళ్ళు ఆ గుత్తి ఆమె నడుము దిగలేదు.

ఆ గుళ్ళో పూజ లేదు. మూలవిగ్రహాన్ని ఎప్పుడో మ్యూజియంకు పట్టుకుపోయారు. ఒకదాని వెనక ఒకటిగా మూడు గదులు. మొదటిదాంట్లో వెలుతురు, రెండోదాంట్లో మసక. మూడోదాంట్లో అడుగుపెడితే మన చెయ్యి మనకే కనబడదు. అక్కడ ఒక ఖాళీ పీఠం, దాని పక్కన గోడలోనే తొలిచిన అరుగు ఉంటాయి. ఎంత ఎండాకాలమైనా ఆ గది తడిగా, చల్లగా ఉంటుంది. పెద్దమ్మ పొద్దున తలుపు తీయగానే తిన్నగా వెళ్ళి ఆ పీఠానికి దణ్ణం పెట్టేది.

"స్వామి లేడు కదా పెద్దమ్మా, ఎవరికి పెడుతున్నావ్?" అని నేనోసారి అడిగాను.

"ఇంటాయన ఊరెళ్తే ఇల్లు ఇల్లు కాకుండా పోతుందిటే?" అంది.

ఇక రాళ్ళ సంగతి. గుడి వాకిట్లో ఒక చెక్క పలక ఉండేది. అందులో పెదనాన్న ఉలితో తొలిచిన నలభై గుంటలు, గుంటకో గులకరాయి. లోపలికి వెళ్ళే ప్రతి మనిషి చేతిలోనూ పెద్దమ్మ ఒక రాయి పెట్టేది. బయటికి వచ్చేటప్పుడు దాన్ని గుంటలో పెట్టి వెళ్ళాలి. సాయంత్రం పలక నిండితేనే తాళం. ఆమెకు చదువు రాదు, పెద్ద లెక్కలు రావు. కానీ ఖాళీ గుంట కనబడటానికి చదువెందుకు?

గుడి చూడటానికి వచ్చినవాళ్ళు నవ్వేవారు. "రాయి పారేసుకుంటే జరిమానా ఎంతమ్మా?" అని ఒకాయన హాస్యమాడితే, "మీరు పోకుండా ఉంటే చాలు బాబూ, రాయిదేముంది, ఏట్లో బోలెడున్నాయి" అనేది. ఎవరైనా పొరపాటున జేబులో వేసుకుని బస్సెక్కేస్తే, వెనకే పరుగెత్తి బస్సాపించేది. డ్రైవరు విసుక్కునేవాడు కాదు. ఆమె కనబడగానే, "రాళ్ళమ్మ వచ్చిందయ్యా, జేబులు తడుముకోండి" అని తనే కేక పెట్టేవాడు.

ఈ పద్ధతి వెనక ఒక తప్పు ఉంది. అది పెదనాన్న తప్పు.

నా చిన్నప్పుడు ఒకావిడ ఒక్కతే బొమ్మలు గీసుకోవడానికి గుడికి వచ్చింది. సాయంత్రం పెదనాన్న మొదటి గదిలోంచే "ఎవరైనా ఉన్నారా?" అని కేకేసి, జవాబు రాకపోయేసరికి తాళం వేసి వచ్చేశాడు. ఆవిడ మూడో గదిలో ఉంది. కేక వినబడలేదు. మర్నాడు వారపు సెలవు. ఆ పై రోజు పొద్దున తలుపు తీస్తే ఆవిడ ఎదురుగా నిలబడి ఉందిట. పెదనాన్న అక్కడే కూలబడ్డాడు. ఆవిడే ఆయన్ని లేపి, "భయపడకండి, నాకేం కాలేదు" అందిట. నీళ్ళు తాగి, ఒక్క మాట అడిగింది.

"మీ ముసలమ్మ ఏదీ? లోపల నాతోపాటే ఉంది కదా, రాలేదేం?"

ఏ ముసలమ్మ అంటే, ఆవిడ చెప్పింది. చీకట్లో ఏడుస్తుంటే ఎవరో వచ్చి అరుగు మీద పక్కన కూర్చున్నారట. దాహమంటే చెయ్యి పట్టుకెళ్ళి గోడలో నీరు ఊరే చోటు చూపించారట. మాట లేదు. "చెయ్యి మాత్రం ఒక్క క్షణం వదల్లేదండీ. ఎండుటాకులా తేలిగ్గా ఉంది ఆ చెయ్యి."

లోపలికెళ్ళి మూల మూలా వెతికారు. ఎవరూ లేరు.

ఆవిడ ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు. పైగా 'ఈ కాపలాయన మంచివాడు, ఏమీ అనవద్దు' అని ఆఫీసుకు ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం వల్ల ఉద్యోగం నిలిచింది కానీ పెదనాన్నకు ముద్ద దిగలేదు. నెల రోజులు కూర్చుని ఆ పలక తొలిచాడు. పోయేముందు పెద్దమ్మ చేత ఒట్టు వేయించుకున్నాడు, ఆ తలుపు వెనక ఇంకెవర్నీ వదిలెయ్యనని.

ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు గుడి చూసి బయటికొచ్చినవాళ్ళు పెద్దమ్మతో, "లోపల మీ అత్తగారు కాబోలు, మెట్టు దగ్గర చెయ్యి పట్టుకుని దించారు, చాలా మంచావిడ" అనేవారు. పెద్దమ్మ కాదని అనేది కాదు. "ఆఁ, మంచిదే" అనేది. మధ్యాహ్నం క్యారేజీ ఇవ్వడానికి రోజూ నేనే వెళ్ళేదాన్ని, కానీ రెండో గది దాటేదాన్ని కాదు.

ఆమె కాపలాకు వచ్చిన పందొమ్మిదో ఏట మూడో గది కప్పు బీటలిచ్చింది. ఇటికలతో ఆ గది ద్వారం మూసెయ్యాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఒకరోజు పొద్దున్నే వ్యానులో ఆఫీసరు, తాపీమేస్త్రి, ఆరుగురు కూలీలు దిగారు. పెద్దమ్మ ఒక్కొక్కరి చేతిలో రాయి పెట్టి లోపలికి పంపింది. వాళ్ళు విరిగిపడ్డ రాళ్ళు సర్ది, ఫొటోలు తీసుకుని, గోడ మొదలుపెట్టే ముందు టీ తాగుదామని బయటికి వచ్చారు. రాళ్ళు పలకలో పెట్టారు. నేను క్యారేజీతో వెళ్ళేసరికి పెద్దమ్మ ఆ పలక మీదే చూపు నిలిపి ఉంది. ఒక గుంట ఖాళీ.

"ఒకరు లోపలున్నారు బాబూ" అంది.

ఆఫీసరు మనుషుల్ని వేలితో లెక్కపెట్టాడు. "వచ్చింది ఎనిమిది మందిమి. ఎనిమిది మందిమీ ఇక్కడే ఉన్నాం. అందరం రాళ్ళు ఇచ్చేశాం."

"నేనిచ్చింది తొమ్మిది."

"తొమ్మిదోది ఎవరికిచ్చావమ్మా?"

"మీ వెనకాలే ఉన్న ముసలావిడకి. తలమీద గుడ్డ కప్పుకుని ఉంది. బయట్నుంచి వచ్చిందో అక్కడే నిలబడి ఉందో చూళ్ళేదు. చెయ్యి చాపింది, పెట్టాను. మేస్త్రిగారి అమ్మేమో అనుకున్నా."

మేస్త్రి గట్టిగా నవ్వాడు. "మా అమ్మ పోయి ఆరేళ్ళమ్మా! బతికున్నప్పుడే పనిలోకి రమ్మంటే నడుం నొప్పి అనేది, ఇప్పుడొస్తుందా?"

కూలీలూ నవ్వారు. ఆఫీసరు మంచివాడే కానీ సాయంత్రంలోగా పని ముగించుకుని వెళ్ళాలి. "పెద్దదానివి, ఎండకి తల తిరిగి ఉంటుంది. కాస్త నీడన కూర్చో" అన్నాడు మెల్లగా.

"కూర్చోను. ఆ రాయి రాందే ఇటిక పెట్టనివ్వను." పెద్దమ్మ గొంతు పెంచి మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. "ఉద్యోగం తీసేస్తారా, తియ్యండి. ఇదిగో తాళాలు. మా ఆయన ఒక్కసారి చూసుకోకుండా తాళం వేసి, పోయేదాకా కుమిలిపోయాడు. మీరు వేస్తున్నది తాళం కాదు బాబూ, గోడ. మళ్ళీ తీసేవాళ్ళుండరు."

చివరికి మేస్త్రే టీ గ్లాసు కింద పెట్టి లేచాడు. "పోనీలెండి సార్, పెద్దావిడ మనసు ఎందుకు కష్టపెట్టడం? నేను తోడెళ్తాను" అన్నాడు. పెద్దమ్మ ఆ హడావుడిలోనూ పద్ధతి మర్చిపోలేదు. తనకొకటి, మేస్త్రికొకటి, నాకొకటి రాయి తీసింది.

మూడో గది గుమ్మం దగ్గర మమ్మల్ని ఆపేసింది. టార్చి వద్దంది. ఆమె చీకట్లోకి వెళ్ళాక అడుగుల చప్పుడు రెండు మూడు సార్లు వినబడి ఆగిపోయింది. పైన ఎక్కడో నీటిబొట్టు పడుతోంది. తర్వాత ఆమె గొంతు వినబడింది, పక్కింటావిడతో మాట్లాడుతున్నంత మామూలుగా.

"ఏమ్మా, ఇక్కడున్నావా. రాయి అడిగినప్పుడే తెలుసుకోవాల్సింది నేను. బయటికి రావాలనుకున్నవాళ్ళే కదా రాయి అడుగుతారు. ఇది మూసేస్తున్నారమ్మా. లే, పోదాం."

మేస్త్రి నవ్వు ఎప్పుడో ఆగిపోయింది.

కాసేపటికి పెద్దమ్మ చీకట్లోంచి వచ్చింది. ముందుకు చూస్తూ మెల్లగా నడుస్తోంది. కుడిచెయ్యి వెనక్కి చాచి ఉంది, చూపులేని మనిషిని నడిపించేటప్పుడు చాస్తామే, అలా. మేమిద్దరం పక్కకు తప్పుకున్నాం. ఆమె గుమ్మం దాటి, మెట్టు దిగి, మమ్మల్ని దాటి వెళ్ళిపోయింది. అప్పుడు, ఆమె దిగిపోయిన తర్వాత, మేస్త్రి ఖాళీ గుమ్మం వైపు చూస్తూ, "మెట్టుందమ్మా, చూసుకుని దిగండి" అన్నాడు.

అన్నాక తన నోటిమాట తనకే వినబడినట్టుంది. గోడకు జారగిలబడ్డాడు.

వాకిట్లో పెద్దమ్మ గుప్పిట విప్పితే రెండు రాళ్ళున్నాయి. ఒకటి తనది. రెండోది అరుగు మీద దొరికిందంది. పట్టుకుని చూశాను. అంత చల్లటి గదిలోంచి వచ్చిన రాయి వెచ్చగా ఉంది. చాలాసేపు ఎవరో గుప్పిట్లో బిగించి పట్టుకున్నట్టు.

మేస్త్రీ నేనూ మా రాళ్ళు కూడా పెట్టాక పలక నిండింది. "ఇంక కట్టుకో నాయనా" అంది పెద్దమ్మ. ఆ పూట మేస్త్రి ఒక్క హాస్యమూ ఆడకుండా గోడ కట్టాడు. వెళ్ళేముందు వంగి పెద్దమ్మ కాళ్ళు తాకాడు.

ఆ తర్వాత రెండేళ్ళు ఆమె ఉద్యోగం చేసింది. గోడ కట్టిన మర్నాడే వాకిట్లో తన స్టూలు పక్కన ఇంకో స్టూలు వేసుకుంది. వచ్చినవాళ్ళు ఎంత అలిసిపోయినా, దాని మీద కూర్చోబోయి ఆగి, "ఇక్కడ ఎవరైనా ఉన్నారా?" అని అడిగేవారు. ఎందుకడిగారంటే వాళ్ళకూ తెలిసేది కాదు.

కిందటేడు పెద్దమ్మకు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆస్పత్రిలో వేశాం. ఆమెకు పిల్లల్లేరు, చూసుకునేది నేనొక్కదాన్నే. నాకు ఇంట్లో మంచాన పడ్డ మామగారు. పొద్దున, సాయంత్రం వెళ్ళగలిగేదాన్ని. మధ్యాహ్నమంతా ఆమె ఒంటరిగా ఉంటోందని మనసు పీకుతూనే ఉండేది. అడిగితే, "నాకేమే, బాగానే ఉన్నా" అనేది.

అయిదో రోజు సాయంత్రం వార్డు నర్సు నన్ను గుమ్మం దగ్గర ఆపింది. మంచి పిల్ల. రోజూ పెద్దమ్మకు తల దువ్వేది. ఆ రోజు మాత్రం కాస్త విసుగ్గా ఉంది.

"అక్కా, మీ ఇంకో పెద్దావిడకి మీరైనా చెప్పండి. మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత చూడ్డానికి వచ్చినవాళ్ళు ఉండకూడదు. ఎన్నిసార్లు చెప్పినా పలకదు, కదలదు. పేషెంటు చెయ్యి పట్టుకుని అలా కూర్చునే ఉంటుంది. మా పెద్ద డాక్టరు చూస్తే నన్నంటారు."

నేను లోపలికి చూశాను. పెద్దమ్మ నిద్రపోతోంది. ఒక చెయ్యి మంచం పక్కకు చాచి ఉంది, అరచెయ్యి పైకి, వేళ్ళు కాస్త ముడిచి. మంచం పక్కన స్టూలు ఖాళీగా ఉంది.

వెళ్ళి ఆ స్టూలును మంచానికి ఇంకాస్త దగ్గరగా జరిపాను. మళ్ళీ గుమ్మం దగ్గరికొచ్చి నర్సు చెయ్యి పట్టుకున్నాను.

"ఆవిణ్ణి ఉండనియ్యమ్మా. ఆవిడ మా మనిషే."