ఒక్క ‘సాకు’తో విజిల్ పోగొట్టుకున్న మామ

ఆ ఉదయం మా ఆదివారపు బాస్కెట్‌బాల్ వాట్సాప్ గ్రూపులో ఒక వార్త వచ్చింది. "మన రెఫరీ గారు తెల్లవారుజామున ప్రభువు సన్నిధికి చేరినారు." దాని కింద మొదటి జవాబుగా ఒక పిల్లవాడి తండ్రి బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టాడు. ఎవరో ఫోన్ చేసి చెప్పినట్టున్నారు, దాన్ని తీసేసి చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. ఆ తర్వాత వరుసగా చేతులే చేతులు. వాటి మధ్యలో ఒక తల్లి ప్రశ్న: "అయితే ఈ సండే మ్యాచ్ ఉందా, లేదా?"

నాకు నవ్వొచ్చింది. ఇలాంటివి కనపడితే ముందు ఆ రెఫరీ మామకే చూపించేవాణ్ణి, ఆయన నాకంటే ఎక్కువ నవ్వేవాడు. ఫోన్ పట్టుకుని గోడ దాకా వెళ్లాను కూడా. ఇక చూపించడానికి ఆయన లేడన్న సంగతి ఆ గోడ దగ్గర తెలిసింది.

పాఠకులకు మనవి. మామ నాకు చుట్టం కాదు, గోడవతల ఇంటాయన. మా అమ్మ ఆయన్ని అన్నా అని పిలిచేది కాబట్టి నాకు మామ అయ్యాడు. బళ్లారిలో జీన్స్ కుట్టే ఒక యూనిట్‌లో కటింగ్ మాస్టర్. వారమంతా గుడ్డ కోసేవాడు. ఆదివారం ఆరాధన అయిపోగానే చర్చి కాంపౌండ్‌లోని సిమెంటు కోర్టులో పిల్లల మ్యాచ్‌లకు విజిల్ ఊదేవాడు. దానికి ప్రతిఫలం ఒక టీ, రెండు అరటిపళ్లు, లెక్కలేనన్ని తిట్లు. నేను స్కోరు రాసే బల్ల దగ్గర ఉండేవాణ్ణి. చిన్నప్పుడు ఆడాను. ఆట రాదని తేలాక డిగ్రీ చేశాను. డిగ్రీతో పని రాదని తేలాక స్కోరు రాయడానికి కూర్చున్నాను.

పిల్లల ఆటకు రెఫరీగా ఉండటమంటే ఏమిటో బయటివాళ్లకు తెలియదు. పిల్లలతో ఏ ఇబ్బందీ లేదు. వాళ్లను కన్నవాళ్లు కూడా వస్తారు, అదీ బాధ. బంతిని నేలకు కొట్టకుండా చేతుల్లో పట్టుకుని నడిస్తే తప్పు, దాన్ని ట్రావెలింగ్ అంటారు. ఎనిమిదేళ్లవాళ్లు బంతిని బిందెలా నడుముకు ఆనించుకుని పరుగెత్తుతారు. ఒకసారి మామ విజిల్ ఊది ట్రావెలింగ్ అనగానే మెట్ల మీదినుంచి ఒక తల్లి లేచింది.

"యాడికి ట్రావెలింగప్పా? మా వాడు ఈడే ఉండాడు గదా!"

"ఈడ ఉండాల్సినోడు ఆడికి పోయినాడమ్మా, అదే తప్పు," అన్నాడు మామ.

అందరూ నవ్వారు. ఆమె మాత్రం ఆ సంవత్సరమంతా ఆయనతో మాట్లాడలేదు.

కన్నడం పిల్లల మీద తప్పు పడితే, తెలుగోడు కదా తెలుగోళ్లకే చేస్తాడని ఒక పక్క గొణిగేవారు. తెలుగు పిల్లల మీద పడితే, కన్నడమోళ్లకు అమ్ముడుపోయాడని ఇంకో పక్క. అమ్ముడుపోవాలంటే కొనేవాడుండాలి. మామను ఎవరూ అరటిపండుకు మించి వేలం పాడలేదు. నేనీ మాటంటే ఆయన నవ్వి, "రెండు పక్కలా తిట్టినారంటే మ్యాచ్ బాగా జరిగినట్టు లెక్కప్పా. ఒక పక్కనే తిడితే నేనే యాడో తప్పిండాను," అనేవాడు.

విజిల్ గట్టిగా ఊదేవాడు గానీ, తప్పేమిటో పిల్లవాడి చెవిలో చెప్పేవాడు. వంగి, భుజం మీద చెయ్యేసి, ఏదో రహస్యం చెబుతున్నట్టు. అట్లా ఎందుకని అడిగాను. "విజిల్ అందరికీ వినపడాల. కారణం వానికొక్కనికి తెలిస్తే అయిపాయె. వాళ్లమ్మకు తెలిస్తే ఇంటికి పోయినాక కూడా ఆట నడుస్తాది," అన్నాడు. ఆట ఆగినప్పుడల్లా ఎవడో ఒకడి బూట్ల లేసులు కడుతూ ఒంటి మోకాలి మీద కూర్చుని ఉండేవాడు. ఆదివారం చొక్కాకు ఇస్త్రీ తప్పనిసరి. "తిట్టించుకోనీకి పోతాండావు, ఇస్త్రీ ఎందుకు?" అని అత్త దెప్పేది. "తిట్టేటోళ్లకు మర్యాద ఇయ్యాల గదా," అనేవాడు.

ఇదంతా చదివి ఆయనకు తిట్లు తగలవనుకోకండి. ఒకసారి ఒక పెద్దమనిషి ఆయన రొమ్ము మీద వేలితో పొడుస్తూ మాట్లాడాడు. మ్యాచ్ అయ్యాక చూస్తే స్టోరు గది వెనక మామ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పక్కన టీ మీగడ కట్టి ఉంది. "ప్రతి మాటా వినపడతాదిరా. జవాబు చెప్పే పని మనది కాదు, అంతే," అన్నాడు. నేను జోకు వేయబోయి మానేశాను. నా జీవితంలో అది అరుదైన ఘట్టం.

ఇక అసలు సంగతి. మా బళ్లారి తెలుగులో కన్నడం ఎంత కలిసిందో మాకే తెలియదు. కన్నడంలో ‘సాకు’ అంటే చాలు, ఇక ఆపు అని. ఇక్కడ పుట్టి పెరిగిన మా తెలుగు ఇళ్లలో అన్నం వడ్డించేటప్పుడు కూడా సాకు అనే అంటాం. అసలు తెలుగులో సాకు అంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఆ ఆదివారం యశ్వంత్ అనే పన్నెండేళ్ల పిల్లవాడు బంతి కోసం ఎగిరి, ఇంకొకడి పాదం మీద దిగాడు. చీలమండ పట్టుకుని అక్కడే పొర్లాడు. మామ విజిల్ ఊది, రెండు చేతులూ పైకెత్తి ఆట ఆపుతూ పరుగెత్తాడు. "సాకు! సాకు!"

యశ్వంత్ తండ్రికి లారీలున్నాయి. ప్రొద్దుటూరు పక్కనుంచి ఈ మధ్యే వచ్చి స్థిరపడ్డాడు. కన్నడం ఇంకా నోటికి రాలేదు, చెవికీ రాలేదు. ఆయన కోర్టులోకి దూకాడు.

"ఏమంటివి? బిడ్డ కాలు పట్టుకోని పొర్లాడతాంటే సాకంటావా? దొంగేడుపు ఏడుస్తాండాడా వాడు?"

మామ అప్పటికే వంగి పిల్లవాడి బూటు విప్పుతున్నాడు. ఈయన కోపం దేనికో ఆయనకు అందలేదు. తల ఎత్తకుండానే, "సాకప్పా, సాకు. గలాటా వద్దు," అన్నాడు.

అంటే, చాలప్పా, గొడవ వద్దని. లారీలాయనకు మాత్రం, అది సాకే అని ముఖం మీద రెండోసారి చెప్పినట్టయింది. ఒక్క తోపు తోశాడు. మామ వెల్లకిలా పడ్డాడు. పడి, పిల్లవాడి బూటు చేతిలోనే పట్టుకుని ఉన్నాడు.

పిల్లవాడి చీలమండలో ఎముక చిట్లిందని ఆసుపత్రిలో తేలింది. రాత్రికి ఆ ఎక్స్‌రే ఫొటో గ్రూపులోకి వచ్చింది. కింద రెండే మాటలు: "ఇది సాకా?" ఆ మాటకు కన్నడ అర్థం ఇదీ అని మ్యాచ్‌లు నడిపే చర్చి కమిటీ కార్యదర్శి మర్యాదగా వివరించాడు. దానికి లారీలాయన జవాబు: "ఇప్పుడు కొత్త సాకు కనిపెట్టినారు." కమిటీలో అందరికీ కన్నడం వచ్చు. మామ ఏమన్నాడో ప్రతి ఒక్కరికీ తెలుసు. కమ్యూనిటీ హాలుకు రేకులు వేయించింది ఎవరి లారీల డబ్బో కూడా తెలుసు. విచారణ పూర్తయ్యేదాకా రెఫరీ గారు విజిల్ పట్టకూడదని తీర్మానించారు.

ఆ విచారణ జరగలేదు. ఒకసారి కోరం లేదు. ఒకసారి కరెంటు లేదు. ఒకసారి రెండూ ఉన్నాయి గానీ ఎవరికీ గుర్తు లేదు. ప్రతి శనివారం సాయంత్రం మామ గోడ మీదినుంచి తొంగి చూసేవాడు. "ఏమన్నా తెలిసిందా?" తెలియలేదని నేను తల ఊపేవాణ్ణి. ఆయన ఎవరినీ క్షమాపణ అడగలేదు. తోసినాయన మీద కేసు పెట్టమని నేను సలహా ఇస్తే, "సుమ్నే ఉండప్పా," అని, ఊరుకోమన్నట్టు కసిరాడు. మళ్లీ ఆదివారం కోర్టులో దిగాలి, అంతకు మించి ఆయనకేమీ అక్కర్లేదు.

అందుకే ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని లారీలాయన ఇంటికి వెళ్లాడు. చేతిలో యాపిల్ పళ్లు. గేటు దగ్గరే నిలబెట్టి మాట్లాడాడాయన.

"అన్నా, నేను కన్నడంలో అంటి. చాలు అని. మీ వాణ్ణి ఏమీ అనలేదు," అన్నాడు మామ.

"ఏం సామీ, నువ్వు తెలుగోడివే గదా. నేనూ తెలుగోణ్ణే. ఇద్దరి మధ్య కన్నడం యాడినుంచి వచ్చె?"

మామ యాపిల్ సంచిని ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. నా డిగ్రీలో ఈ ప్రశ్న రాలేదు. లోపలినుంచి యశ్వంత్ సిమెంటు కట్టు కాలితో గోడ పట్టుకుంటూ గడప దాకా వచ్చాడు. వాడు ఇక్కడి బడిలో చదువుతున్నాడు.

"నాయనా, సార్ చాలు అనే అన్నాడు. మా మిస్ కూడా అట్లనే అంటాది."

"నువ్వు లోపలికి పోరా," అన్నాడు తండ్రి.

వాడు వెంటనే పోలేదు. మామ వాడి కట్టు వైపు చూసి, "కాలు కింద పెట్టొద్దు నాయనా," అన్నాడు. అప్పుడు పోయాడు. యాపిల్ సంచిని గేటుకు తగిలించి మేము తిరిగొచ్చాం. దారిలో అడిగాను, తెలుగులోనే చాలు అని అనుండొచ్చు కదా మామా అని. "విజిల్ ఊదేటప్పుడు ఏ మాట యాడిదని చూసుకుంటారా ఎవురన్నా? బిడ్డ పడిపాయె. నోట్లో ఏదుంటే అదొచ్చె," అన్నాడు.

ఆ రోజుల్లో తండ్రులే వంతుల వారీగా విజిల్ ఊదారు. ఎవరి వంతు వస్తే వాళ్ల కొడుకు జట్టు గెలిచేది. మామ చర్చి గేటు బయట స్కూటర్ ఆపి, దాని మీద కూర్చుని చువ్వల మధ్య నుంచి చూసేవాడు. తప్పు కనపడితే ఆయన చెయ్యి దానంతటదే లేచేది. పిల్లలు అది కనిపెట్టారు. తగువు వచ్చినప్పుడల్లా విజిల్ ఊదినవాణ్ణి వదిలేసి గేటు వైపు చూసేవారు. ఆ చెయ్యి ఎటు చూపితే అటు బంతి ఇచ్చేసుకునేవారు. రెండు మూడు వారాలకు తండ్రులూ కనిపెట్టారు. దుమ్ము వస్తోందని చెప్పి గేటుకు లోపలివైపు రేకు కొట్టించారు. మామ అటు రావడం మానేశాడు.

ఇంట్లో ఏం చేసేవాడో అత్త తర్వాత చెప్పింది. అన్నం పెడుతుంటే, "సాకు" అని, వెంటనే నాలుక కరుచుకుని, "చాలు, చాలు," అనేవాడట. టీలో చక్కెరకూ అంతే. కటింగ్ బల్ల దగ్గర కుర్రాళ్లతో కూడా ‘చాలు’ అనడమే అలవాటు చేసుకున్నాడట. విచారణకు పిలిచిన రోజు నోరు జారకూడదని. "పుట్టినప్పటినుంచి నోట్లో ఉండే మాట. దాన్ని పీకేసుకోవాలని చూస్తా ఉండె," అంది అత్త. ఆమె ఏడవలేదు. విన్న నాకే ఎటు చూడాలో తెలియలేదు.

గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు. పాత జబ్బేనన్నాడు. నేను కారణాలు వెతకడం లేదు. ఆయనైతే, చూసింది మాత్రమే చెప్పాల, చూడంది చెప్పకూడదు అనేవాడు. నేను చూసినంత వరకే రాస్తున్నాను.

సమాధి దగ్గరికి లారీలాయన కూడా వచ్చాడు. లారీ ముందు కట్టేంత పెద్ద దండ తెచ్చాడు. పక్కన యశ్వంత్, కొంచెం కుంటుతూ. పెట్టె దించాక ఆయన నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "పెద్దాయన మంచోడే సామీ. ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సింది." ఆయన కళ్లలో నిజంగానే నీళ్లున్నాయి. ఆ మాటకు అర్థం మళ్లీ చెబుదామని నోరు తెరిచాను. చెబితే ఏమంటాడో తెలుసు గనక మూసుకున్నాను.

మీరు అడగొచ్చు, ఇంత రాసేవాడివి నువ్వే విజిల్ ఊదొచ్చు కదా అని. ఊదాను. మామ పోయిన తర్వాతి ఆదివారం, మౌనం పాటించిన వెంటనే. మొదటి తప్పుకే మా అమ్మను అన్నారు, రెండోదానికి నా చదువును. చదువు విషయంలో నేనూ వాళ్ల పక్షమే. సగం ఆటకు ఇద్దరు తండ్రులు కాలర్లు పట్టుకున్నారు. పిల్లలు బంతి మధ్యలో పెట్టి చుట్టూ కూర్చున్నారు. రెఫరీ దొరికేదాకా మ్యాచ్‌లు లేవని కమిటీ ఆ సాయంత్రమే ప్రకటించింది. కోర్టు ఖాళీగా ఎందుకని ఆరాధనకు వచ్చేవాళ్ల కార్లకు ఇచ్చింది.

మొన్న ఆదివారం అటు వెళ్లాను. గీతల మీద వరుసగా కార్లు. రింగు బోర్డు కింద ఎవరిదో తెల్ల కారు. దాని వెనక మిగిలిన కాస్త జాగాలో ఆరేడుగురు పిల్లలు ఆడుకుంటున్నారు. ఒకడు వేసిన బంతి రింగుకు తగిలి కారు నెత్తిన పడింది. కారు అలారం విజిల్‌లా కూత మొదలుపెట్టింది.

పిల్లలు పారిపోతారనుకున్నాను. పారిపోలేదు. ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. బంతి అందుకున్నవాడు దాన్ని రొమ్ముకు ఆనించి పట్టుకున్నాడు. పక్కనున్నవాడు తప్పు నాదేనా అన్నట్టు చెయ్యెత్తాడు. కొంతసేపటికి ఆ కూత దానంతటదే ఆగింది. వాళ్లు ఇంకా అట్లాగే నిలబడి ఉన్నారు, ఎవరైనా వచ్చి వంగి చెవిలో చెబుతారని.