కూటంలో ఒకే కుర్చీ

నేను డిప్లొమా ముగించి గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలో చేరిన ఏడాది, ఒక ఆదివారం సాయంత్రం మా ఊరు కనకమ్మ సత్రంలో మా ఇంటి ప్రార్థన కూటంలో ఉన్నవి: రెండు చాపలు, ఒక తమిళ బైబిలు, ఒక తెలుగు బైబిలు, ఒక కంజీర, ఒక కుర్చీ. ఉన్నవాళ్ళు: చాపల మీద తొమ్మిదిమంది, కుర్చీలో మామ.

ఆ కుర్చీ వాక్యం చెప్పేవాళ్ళది. ఏళ్ళ తరబడి అందులో మా తాతే కూర్చునేవాడు. మద్రాసులో బైబిలు చదువుకొచ్చిన ఆయన అల్లుడు, అంటే మా మామ, అంతకుముందు ఆదివారం ముందుగా వచ్చి అందులో కూర్చున్నాడు. తాత గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళిపోయాడు. తండ్రికీ భర్తకీ మధ్య కూటం రెండుగా చీలిపోతుందని అత్త వారమంతా సరిగా తిండి తినలేదు.

మామ ఆరోజు పరలోకం నుంచి పడిపోయిన దూత గురించి చెప్తున్నాడు. "ఆ దూత దొంగతనం చేసి పడలేదు, ఒకర్ని చంపి పడలేదు. ఇంకా పైన కూర్చోవాలనుకున్నాడు, అంతే."

అప్పుడే తాత గుమ్మంలోకి వచ్చాడు. మామ మాట ఆపి లేచి నిలబడ్డాడు.

"మామా, రాండి. ఇది మీ చోటు."

"వద్దయ్యా. బయట నిలబడి వింటా ఉండాను. ఆ మాట మనిద్దరికీ తగల్తాది. నువ్వే చెప్పు."

తాత చాప చివర కూర్చున్నాడు. మామ కుర్చీ వదిలి వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు.

"ఇద్దురికీ వద్దంటే ఆ కుర్చీలో నా పెరటి కోడిని కూర్చోబెడతాను," అంది అత్త, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

మిగతా వాక్యం మామ కిందనుంచే చెప్పాడు. చాపల మీద మొత్తం పదకొండుమందిమి.