నాలుగో పాదం

సిగ్నల్ దగ్గర తంగేడు పూల కట్టలు అమ్ముతుంటే ఒకటి కొని ముఖానికి ఆనించుకున్నాను. ఆ పచ్చి వాసనతో దేవరకొండ పక్కన మా ఊరు, బతుకమ్మ పండుగ ముందటి సాయంత్రాలు, అలికిన అరుగు మీద ఆరబోసిన గునుగు పూలు, వాటికి అద్దిన రంగులు వదలని మా వేళ్లు, అమ్మ దంచే నువ్వుల సత్తుపిండి, దాని కోసం రోలు చుట్టూ తిరిగే మేకపిల్లలు, అన్నీ ఒక్కసారి వచ్చిపడ్డాయి.

తెలంగాణ వచ్చిన మరుసటేడు. నల్లగొండలో డిగ్రీ చదివే అక్క, స్నేహితురాలి లాప్‌టాప్ అడిగి తెచ్చింది. పాటలు కట్టే ప్రోగ్రాం ఒకటి ఇద్దరం కలిసి రాశాం. రాశామంటే, అక్క రాసింది, నేను గొప్పలు పోయాను. ఎవరు, ఏ ఊరు, ఏం పువ్వు అని అది అడుగుతుంది. చెప్పిన మాటలను మేం ముందే పెట్టిన పాదాల్లో ఇరికించి, చివర ఉయ్యాలో తగిలిస్తుంది. అంతే విద్య. అయినా వాడకట్టు ఆడవాళ్లంతా పూలు పేర్చడం మానేసి చుట్టూ మూగి, తమ పేర్లు పాటలో రాగానే పడీపడీ నవ్వారు.

"అవ్వా, నీ పాట ఎవరి మీద?" అని మా నాయినమ్మను అడిగాను. వక్క నములుతూ సిగ్గుపడింది.

"మీ తాత మీద. పేరు నేనెట్ల జెప్తనే? గా ఏడుకొండల మీదున్నాయన."

మొగుని పేరు పలకని కాలం ఆమెది. తాత పేరు వెంకటయ్య అని తెలిసీ, ఆటపట్టించడానికి ఆమె అన్న మాటే కొట్టాను. ఊరు దేవరకొండ, పువ్వు తంగేడు అంది.

ఏడుకొండల మీదున్నాయన ఉయ్యాలో
దేవరకొండ అంగడికి పోయె ఉయ్యాలో
తంగేడు పువ్వు కోసె ఉయ్యాలో

చదవగానే అందరూ నవ్వి, అంతలోనే ఊరుకున్నారు. నేను పుట్టకముందు తాత గొర్లను తోలుకొని దేవరకొండ అంగడికే పోయాడు. తోవలో గుండె ఆగింది.

అవ్వ మాత్రం తెర దగ్గరికి జరిగింది. "ఇంటికొచ్చినట్టు లేదా బిడ్డా అండ్ల?"

"మూడే పాదాలవ్వా."

"ఇంకోటి ఎయ్యరాదు? పువ్వు వట్టుకొని మల్ల ఇంటికొచ్చిండని."

కొత్త పాదం వేయడం నాకు రాదు. అక్క వేద్దామనేలోపే చార్జింగ్ అయిపోయింది, కరెంటు లేదు, తెల్లారే లాప్‌టాప్ తిరిగి ఇచ్చేయాలి. "వచ్చే పండుగకు ఏస్త తియ్యవ్వా" అంది అక్క. వచ్చే పండుగకు అవ్వ లేదు.

ఇప్పుడు ప్రోగ్రాంలు రాయడమే నా ఉద్యోగం. మా ఊళ్లో బతుకమ్మ పాట డీజే డబ్బాలోంచి వస్తోంది; పాట ఎత్తుకునే ముసలి గొంతులు ఒక్కొక్కటే పోయాయి.

ఇవాళ తంగేడు కట్టను బల్ల మీద పెట్టి, ఆ ప్రోగ్రాం మళ్లీ రాశాను. ఎవరు అని అడిగితే వెంకటయ్య అని కొట్టబోయి, ఆగి, అవ్వ మాటే కొట్టాను. ఈసారి నాలుగో పాదం వచ్చింది.

పువ్వు పట్టుకొని ఇంటికొచ్చె ఉయ్యాలో

పైకే చదివాను. తాత ఇంటికొచ్చాడు, ఇంట్లో అవ్వే లేదు.