అతిథి అడగని మైకు

నా ఇంగ్లీషు మీద కన్నడ సీమలో ఉన్న మా తెక్కలకోటలో ఎవరికీ అనుమానం లేని రోజులవి. ఆ అనుమానాన్ని ఒక్క సాయంత్రంలో ఊరందరికీ, అదీ మైకు పెట్టి మరీ, నేనే పంచిపెట్టాను. ఎట్లాగో వినండి.

అరవైల నాటి మాట. మన సేద్యం చూసి పోవడానికి అమెరికా నుంచి హెన్రీ అనే యువ రైతు వస్తున్నాడనీ, పంచాయతీ అధ్యక్షుడు నారాయణరెడ్డి ఇంట్లో ఉంటాడనీ తెలిసింది. ఊళ్లో బి.ఏ. చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని స్వాగత సభలో అతని ఇంగ్లీషును తెలుగు చేసే పని నాకు అప్పగించారు. ఇక ఆ రోజు దాకా నేను మా ఎద్దులతో కూడా ఇంగ్లీషులోనే మాట్లాడాను.

తెల్లదొర దిగుతాడని బస్సు దగ్గర కాచుకున్నాం. మోక ఊళ్లో ఉండే మా చిన్నాయనలాగే చామనచాయ రంగులో, నల్లని జుట్టుతో ఒకతను దిగి నవ్వాడు. ఇంకెవరైనా దిగుతారేమోనని అందరూ బస్సులోకి తొంగిచూశారు. "అమెరికాలో ఎండలు జాస్తి" అని నేను సర్దిచెప్పాను.

సభలో హెన్రీ లేచి, చెయ్యెత్తి, "మైక్" అన్నాడు.

సిరుగుప్ప నుంచి బాడుగకు తెచ్చిన మైకు అతని ముందే ఉంది. మరీ కిందికి ఉందేమోనని, మైకుసెట్టు ఖాసిం సాబుకు చెప్పి పైకి ఎత్తించాను. జనం బదులు పలకలేదని హెన్రీ ఇంకొంచెం గట్టిగా "మైక్" అన్నాడు.

"పనిజేస్తానే ఉండాది గదా సూరప్పా, ఈయప్పకు ఇంగేం గావల్ల?" అన్నాడు ఖాసిం.

అతిథికి ఇది నచ్చలేదు, ఇంకొకటి తెమ్మన్నాను. అమెరికాలో పెద్దమనుషులు రెండేసి మైకుల్లో మాట్లాడతారని జనానికి వివరించాను కూడా. ఖాసిం పెట్టెలోంచి రెండోది వచ్చింది. అప్పుడు హెన్రీ నా చెవి దగ్గర వంగి మెల్లగా సంగతి చెప్పాడు.

అతనిది యూట్ తెగ. తెల్లవాళ్లు రాకముందు నుంచీ కొలరాడో కొండల్లో ఉన్నవాళ్లు. "మైక్" వాళ్ల భాషలో పలకరింపు. బడిలో ఆ భాష మాట్లాడితే కొట్టేవాళ్లట. నాయనమ్మ ఇంట్లో పట్టుబట్టి నేర్పిందట. అందుకే ఏ సభలో నిలబడినా మొదటి మాట అందులోనే అంటాడట.

ఇది తెలుగు చెయ్యాలంటే ముందు నా తెలివితక్కువతనాన్ని తెలుగు చెయ్యాలి. చేశాను. సభ కడుపు పట్టుకుని నవ్వింది. నాయనమ్మ సంగతి దగ్గరికి వచ్చేసరికి నవ్వులు ఆగిపోయాయి. ముందు వరసలో నారాయణరెడ్డి తల్లి లక్ష్మమ్మవ్వ లేచి నిలబడింది.

"ఆయప్పకు చెప్పు నాయనా. మేమూ సర్కారు కచేరీలో కన్నడం, ఇంట్లో తెలుగు మాట్లాడ్తాండాము. అవ్వ నేర్పిన మాట, యాడికి బోయినా ఇడిసేది లేదు."

అని, అతని వైపు తిరిగి, "మైక్" అంది. వెంటనే సభంతా అంది. హెన్రీ నిటారుగా నిలబడి చేతులు జోడించాడు. అతని ముఖంలోని వెలుగును నేను తెలుగు చెయ్యనక్కర్లేకపోయింది.

చివర వందన సమర్పణ నాదే. బట్టీపట్టిన ఇంగ్లీషు ఒక్క ముక్కా గుర్తు రాలేదు. గతిలేక, మా ఇంట్లో మాట్లాడే తెలుగులోనే మాట్లాడాను. నా ఉపన్యాసం మొదటినుంచి చివరిదాకా మా అమ్మకు అర్థం కావడం అదే మొదలు. ఆడవాళ్ల మధ్య కూర్చుని, "వాడు నా కొడుకే" అని నన్ను పుట్టినప్పటినుంచీ ఎరిగినవాళ్లకు కూడా చెప్పుకుందట.

ఆ రాత్రే తుంగభద్ర మీద ఒట్టేసుకున్నాను: ఏ అతిథి నోరు తెరిచినా, అది ఏ భాషో అడిగి తెలుసుకునేదాకా కుర్చీలోంచి లేవను.